పసుపు బండికి ఏ ఇంజిన్

నవంబర్ 9, ఆదివారం

బండిని ఇంటి షెడ్డులోంచి బయటికి లాగారు. ట్రాక్టర్ తెచ్చి గొలుసు కట్టారు. అన్న లోకేశ్ స్టీరింగ్ పట్టుకున్నాడు. రెండేళ్ళుగా కదలని టైర్లు నేలను వదలలేదు. వదిలాక నాలుగు నల్ల మచ్చలు మిగిలాయి.

1968 మోడల్ జీప్ పికప్. బాపు కొన్నప్పటికే పాతది. వెనక తొట్టిలో పసుపు పాలిష్ డ్రమ్ము. మా బాపు ముత్తెన్న, అమ్మ గంగమణి ఇరవై ఏళ్ళు ఈ బండి వేసుకుని ఊరూరా తిరిగారు. రైతులు ఉడకబెట్టి ఆరబోసిన పసుపు కొమ్ముల్ని వాళ్ళ కల్లంలోనే డ్రమ్ములో పోసి, తిప్పి, పొట్టు రాల్చి, మెరిసేలా చేసి ఇచ్చేవాళ్ళు. రెండేళ్ళ కింద పని మధ్యలో ఇంజిన్ పట్టేసింది. తర్వాతి నెల బాపు పోయాడు. ఒకదానికొకటి సంబంధం లేదు. అయినా ఇంట్లో అందరం రెండూ ఒకే వాక్యంలో చెప్తాం.

ఇప్పుడు అన్న బాగు చేయిస్తానంటున్నాడు. పెర్కిట్‌లో హన్మండ్లు కాక షెడ్డులో పెట్టారు. బాపు ఉన్నప్పటి నుంచీ ఈ బండి చూసే మెకానిక్ ఆయనే.

నాకు సంతోషంగా ఉంది. రాయడానికి సిగ్గుగా కూడా ఉంది.

నవంబర్ 12

అన్న వర్క్‌షాప్ మాన్యువల్ చదివి చెప్పమన్నాడు. ఇంట్లో ఇంగ్లీష్ వచ్చిన వస్తువును నేనొక్కదాన్నే.

నవంబర్ 16, ఆదివారం

ఇంజిన్ విప్పారు. రెండో సిలిండర్ పక్కన వెంట్రుకంత పగులు. కాక నా వేలు పట్టుకుని దాని మీద పెట్టాడు. ‘ఇగ అయిపోయింది బిడ్డా. గీ పెట్రోల్ ఇంజిన్ మళ్ల దొరకదు. దొర్కినా అదీ గిట్లనే ఉంటది’ అన్నాడు.

కాబట్టి వేరే ఇంజిన్. వేరే ఇంజిన్ అంటే వేరే గేర్ బాక్సు. పాత మూడు గేర్ల బాక్సు డీజిల్ గుంజుడుకు ఆగదట, పళ్ళు రాలిపోతాయట.

మాన్యువల్ పక్కన పెట్టుకుని రాస్తున్నాను. ఈ బండికి గేర్ బాక్సు వెనక ఇంకో ఇనప పెట్టె ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ కేస్. ఇంజిన్ బలాన్ని ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ పంచేది అదే. దాని వీపున అరచేయంత మూత. మూత తీసి షాఫ్ట్ తగిలిస్తే, బండి నిలబడి ఉండగానే బలం డ్రమ్ముకు వెళ్తుంది. ట్రాక్టర్‌కు వెనక మిషన్లు తిప్పే పీటీవో ఉన్నట్టే. ఆ పెట్టె లేకపోతే మాది పసుపు బండి కాదు. ఉత్త బండి.

మా పనికి ఇంజిన్ పరుగెత్తనక్కర్లేదు. ఎండలో, ఒకే చోట, ఆరేడు గంటలు, ఒకే వేగంతో తిరగాలి. పెట్రోల్ ఇంజిన్‌తో అది కష్టంగానే ఉండేది. డ్రమ్ములో కొత్త బస్తాలు పోయగానే దాని గొంతు పడిపోయేది. అప్పుడు యాక్సిలరేటర్ కొంచెం నొక్కాలి. సెలవుల్లో ఆ పని నాది. ముందు సీట్లో కూర్చుని, కాలు పెడల్ మీద, ఒళ్ళో పుస్తకం. ఎన్ని నవలలు అలా అయిపోయాయో. శబ్దం మారితే పేజీ మీంచి తల ఎత్తకుండానే నొక్కేదాన్ని.

పాత జీపుల్లో వచ్చే సాదా డీజిల్ ఇంజిన్‌కు పంపులోనే గవర్నర్ ఉంటుంది. బరువు పడితే డీజిల్ అదే పెంచుకుంటుంది. దాని నాలుగు గేర్ల బాక్సు మా ట్రాన్స్‌ఫర్ కేసుకు నేరుగా బోల్టవుతుంది. ఇదంతా కాకకు మెల్లగా, ఆగి ఆగి చెప్పాను. కాక రెండుసార్లు తల ఊపాడు. ఇంకా ఆలోచించడానికి ఏముంది అనిపించింది.

నవంబర్ 23

నాలుగు పేజీలు రాశాను. ఇంజిన్, గేర్ బాక్సు, క్లచ్. రేడియేటర్ పెద్దది కావాలి, నిలబడి పనిచేసే బండికి గాలి తగలదు. పట్టిక కూడా గీశాను. నోటితో చెప్తే సగంలో ఆగిపోతాను. అందుకే రాస్తాను.

అన్న చేతిలోకి తీసుకుని ‘మస్తు రాసినవ్ చెల్లె, నీ రైటింగ్ ఎంత మంచిగున్నదే’ అన్నాడు.

నవంబర్ 25

నా మూడో పేజీ వెనకాల అన్న ఎవరిదో పెళ్ళి అడ్రస్ రాసుకున్నాడు. భీమ్‌గల్, ఫంక్షన్ హాల్, ఉదయం తొమ్మిది.

నవంబర్ 30, ఆదివారం

నిజామాబాద్ నుంచి గంగాప్రసాద్ అనే అతను కాక షెడ్డుకు వచ్చాడు. పాత బండ్లను మోడిఫై చేస్తాడట. కూలింగ్ గ్లాసెస్ తీయకుండానే బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. వెనక నుంచి లారీ గుద్దిన ఎస్‌యూవీ ఒకటి తన దగ్గరుందట. ఇంజిన్‌కు గీత కూడా పడలేదట. టర్బో డీజిల్. ఐదు గేర్ల బాక్సుతో సహా. ‘హైవే ఎక్కితే నూటిరవై కొడ్తది తమ్మీ. ఏసీ గూడ పెడ్దం. జనం ఆగి సెల్ఫీలు దిగకుంటే నన్నడుగు’ అన్నాడు.

నేను ఒక ప్రశ్న అడిగాను. నిజానికి సగం ప్రశ్న. ఆ బాక్సు వెనక మన ట్రాన్స్‌ఫర్ కేస్ కూర్చుంటుందా అని.

అతను అన్న వైపు తిరిగి ‘చెల్లె బీటెక్కా?’ అని అడిగాడు. అన్న ‘కాదు, బీఏ లిటరేచర్. అంకాపూర్ సీడ్ కంపెనీల మొలకలు లెక్కవెడ్తది’ అన్నాడు. ఇద్దరూ నవ్వారు. తర్వాత అన్న నన్ను చాయ్ చెప్పి రమ్మన్నాడు.

వెళ్ళాను. మూడు చాయ్ చెప్పాను. నా కోపం వాళ్ళు నవ్వినందుకు కాదు. వెళ్ళినందుకు.

డిసెంబర్ 1, ఉదయం 5:40

అక్కడ అనాల్సిన వాక్యాలన్నీ ఇప్పుడు వస్తున్నాయి.

ఆ టర్బో బాగా వేగం ఎక్కితే గానీ నిద్ర లేవదు. మా పని దానికి నిద్రలో నడక. ఆ ఐదు గేర్ల బాక్సు పొడవు. అది పట్టాలంటే ఛాసిస్ మధ్య అడ్డపట్టీ కోయాలి. దాని వెనక మా పెట్టెకు చోటుండదు. పీటీవో ఉండదు. డ్రమ్ము తిరగదు. బీఏ లిటరేచర్‌కు కూడా ఇంత తెలుసు.

డిసెంబర్ 7

ఎందుకో తెలిసింది.

అన్న పెళ్ళి ఫొటోగ్రాఫర్. ఇప్పుడు గల్లీకో డ్రోన్ ఉంది, తనను ప్రత్యేకంగా ఎవరూ పిలవడం లేదు. పాత పికప్‌ను ఎర్రగా, అద్దంలా చేసి ప్రీవెడ్డింగ్ షూట్లకు పెడితే జిల్లా మొత్తంలో తనొక్కడి దగ్గరే ఉంటుందట. ‘బాపు బండి పది మంది ఫోన్లల్ల ఉంటది. అందరు చూస్తరు. అండ్ల తప్పేముంది?’ అని అన్నం దగ్గర అడిగాడు. మరి డ్రమ్ము అని అడిగాను. ‘డ్రమ్ము ఏడికి పోతదే, వెనక ఉండనే ఉంటది. పెయింట్ వేస్తం’ అన్నాడు.

అమ్మ మా ఇద్దరి మధ్య పప్పు గిన్నె పెట్టి ‘మీ ఇష్టం’ అంది. పొద్దంతా ఎవరి దగ్గరో మక్కజొన్న కంకులు ఒలిచి వచ్చింది. చేతి వేళ్ళకు గుడ్డపీలికలు కట్టుకుంది.

అన్న చెడ్డవాడు కాదు. అదే విసుగు. చెడ్డవాడైతే సులువుగా ఉండేది.

డిసెంబర్ 9

గంగాప్రసాద్ ఛాసిస్ మీద ఎక్కడ కోయాలో చాక్‌పీస్‌తో గీత గీసి వెళ్ళాడు. కంపెనీ నుంచి వస్తూ షెడ్డులో దిగి, చున్నీతో తుడిచేశాను.

డిసెంబర్ 11

పెయింట్‌తో గీశాడు.

డిసెంబర్ 14, ఆదివారం

తారక్క వచ్చింది. మాక్లూర్ రోడ్డు మీద, అంకాపూర్ దాటాక, ఆమెకు అరెకరం పసుపు. భర్త లేడు. బండి బాగుచేస్తున్నారని ఎవరో చెప్పారట. గుమ్మంలోనే నిలబడి ‘ఈసారన్న అస్తరా గంగక్కా?’ అని అమ్మను అడిగింది.

పెద్ద పాలిష్ మిషన్ల వాళ్ళు అరెకరం కుప్ప కోసం రారు. కిందటేడు ఆమె బస్తాలు ట్రాలీలో వేసుకుని వేరే ఊరు వెళ్ళి, వంతు కోసం మూడు రోజులు బస్తాల మీదే కూర్చుంది. వంతు రాలేదు. పొట్టుతోనే మార్కెట్‌కు తీసుకెళ్ళింది. ‘కొమ్ము చేతుల వట్టి గోనెల విసిరేసిండు ఖరీదుదారు. పసుపు కాదు, కట్టెపుల్లలు తెచ్చినట్టు చూసిండు. ఈసారి గట్లయితే ఇగ పసుపు పెట్ట, చేను కౌలుకిచ్చేస్త’ అంది.

అమ్మ చాయ్ ఇచ్చింది. మాట ఇవ్వలేదు.

నేను గదిలోంచి వింటున్నాను. వస్తాం అని అరవాలనిపించింది. తలుపు గడియ పట్టుకుని నిలబడ్డాను.

డిసెంబర్ 21

అన్న అంకాపూర్ నాటుకోడి కూర తెచ్చాడు. నాకు చీర తెచ్చాడు. లేత నీలం, జరీ అంచు. భోజనమయ్యాక ఒక కాగితం తీశాడు.

బండి ఆర్సీ ఇంకా బాపు పేరునే ఉంది. ఇంజిన్ మార్చాలంటే ఆర్టీఏ ఆఫీసు పర్మిషన్ కావాలి. దానికి ముందు బండి అన్న పేరుకు మారాలి. దానికి అమ్మ, నేను అభ్యంతరం లేదని సంతకం పెట్టాలి.

ఇలా చీర ఒళ్ళో పెట్టించుకుని, కాగితం చదవకుండా సంతకం పెట్టి, ‘మా అన్న మంచోడు’ అని వచ్చిన ఆడపిల్లలు మా చుట్టాల్లో ఎంతమంది ఉన్నారో వేళ్ళ మీద లెక్కపెట్టాను. వేళ్ళు చాలలేదు.

నేను చదివాను. రెండుసార్లు. ‘సదరు వాహనముపై ఇకమీదట నాకు ఎట్టి హక్కూ లేదు.’ అన్న పెన్ను మూత తీసి పట్టుకుని ఉన్నాడు. ‘సంతకం వెట్టు బిడ్డా, అన్ననే గద’ అంది అమ్మ.

చీర మడత చెదరకుండా తిరిగి కవర్లో పెట్టాను. కాగితం దాని పైన పెట్టాను. లేచి వెళ్ళి గిన్నెలు తోమాను.

డిసెంబర్ 22

‘గంత చదువు చదివించినందుకు మంచి బుద్ధి వచ్చింది’ అన్నాడట. నాతో కాదు, అమ్మతో. నేను పక్క గదిలో ఉన్నానని తెలిసే.

డిసెంబర్ 24

ఇంట్లో ముగ్గురం. టీవీ ఒక్కటే మాట్లాడుతోంది.

డిసెంబర్ 28, ఆదివారం

షెడ్డుకు వెళ్ళాను. నా సంతకం లేకపోయినా పని ఆగలేదు. ‘ముందు బండి, తర్వాత కాయితం, అందరు గట్లనే చేస్తరు’ అన్నాడట గంగాప్రసాద్. టర్బో ఇంజిన్ వచ్చేసింది. పాత టైరు మీద కూర్చుని ఉంది, నీలం పాలిథిన్ కప్పుకుని.

పాత సామాను మూల ఖాళీగా ఉంది. పగిలిన ఇంజిన్ లేదు. మూడు గేర్ల బాక్సు లేదు. ట్రాన్స్‌ఫర్ కేస్ లేదు. నేల మీద గ్రీజు మరక ఉంది, పెట్టె ఆకారంలో.

కాక నా ముఖం చూడలేదు. ‘నేన్ లేనప్పుడు తీస్కవోయిన్రు బిడ్డా. పాతినుము కింద’ అన్నాడు. నిజామాబాద్‌లో ఏ దుకాణమో మాత్రం చెప్పాడు.

నాకు కళ్ళల్లో నీళ్ళు రాలేదు. దుకాణం పేరు అరచేతిలో రాసుకున్నాను.

డిసెంబర్ 29

కంపెనీలో లీవ్ పెట్టాను. కారణం అనే గడిలో ‘ట్రాన్స్‌ఫర్ కేస్’ అని రాశాను. సూపర్‌వైజర్ అది ఉద్యోగం బదిలీ అనుకుని కంగారు పడింది. బస్సెక్కాను.

ఆ వీధిలో ఆడవాళ్ళు లేరు. దుకాణం ముందు లారీ ఆక్సిళ్ళు, తలకాయలు లేని ఇంజిన్లు. యజమాని ఏం కావాలమ్మా, అడ్రస్ తప్పిపోయినవా అని అడిగాడు. మాన్యువల్లో బొమ్మ ఉన్న పేజీ తెరిచి చూపించాను. ఆయన పేజీని తలకిందులు చేసి చూశాడు. ‘గిసొంటివి పది ఉంటయి. నీది ఏదో ఎట్ల ఎర్కైతది?’ అన్నాడు.

వెనక మూత మీద నాలుగు బోల్టుల్లో ఒకటి ఇత్తడిది అన్నాను. బాపు వేయించాడు. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. పక్క దుకాణం అతను తల తిప్పి చూశాడు.

వెతికాం. నేనూ వెతికాను. కుప్ప కింద, పొట్ట పైకి పెట్టుకుని దొరికింది. జీతం నాది, కొనేశాను. ఆయన కుర్రాళ్ళు లేరు, ఆయనే మోసి ఆటోలో పెట్టాడు. బస్సులో కండక్టర్ దానికి లగేజీ టికెట్ కొట్టాడు. ఆర్మూర్ దాకా నా కాళ్ళ మధ్య ఉంది. చుడీదార్ పాడైపోయింది. సిద్ధులగుట్ట రాళ్ళు కనిపించేసరికి ఊపిరి పీల్చుకున్నాను.

పెట్టె ఇప్పుడు నా మంచం కింద ఉంది.

జనవరి 4, ఆదివారం

ఇంకా ఇంజిన్ బిగించనే లేదు. అప్పుడే షూట్. ట్రయల్ అట.

డ్రమ్ముకు బంగారు రంగు వేశారు. చుట్టూ బంతిపూల దండలు. దాని తలుపు తీసి, లోపల దిండు వేసి, పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టారు. పెళ్ళికొడుకు బయట మోకాళ్ళ మీద. అన్న ‘జర నవ్వు మేడం, ఇంకొంచెం, డ్రమ్ముల ఉన్నట్టు కాదు, దిల్‌ల ఉన్నట్టు’ అంటున్నాడు. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, ఒక్క క్షణం. ఆ తర్వాత వచ్చిన కోపం వేరే రకం.

ఆ పిల్ల లేచేసరికి లెహంగా వెనకంతా పసుపు. ఎంత రంగు వేసినా లోపలిది పోలేదు. వాళ్ళమ్మ అన్నను పట్టుకుని తిట్టింది.

జనవరి 6

హన్మండ్లు కాక అమ్మకు ఫోన్ చేశాడు. ‘నీ పిల్లలు కొట్లాడుకుంట నా షెడ్డుల బండిని నడుమిట్ల వెట్టిన్రు. అడ్డపట్టీ కోసినంక మళ్ల అతికిచ్చుడు నాతోని కాదు. కోసుడా వద్దా, నువ్వొచ్చి చెప్పు గంగమణీ’ అన్నాడట.

జనవరి 11, ఆదివారం

అందరం షెడ్డులో. అన్న, గంగాప్రసాద్, కాక, నేను. అమ్మ చెప్పులు బయట విడిచి వచ్చింది, ఎవరింటికో వచ్చినట్టు. కాక స్టూల్ వేశాడు. కూర్చోలేదు.

గంగాప్రసాద్ టర్బో గురించి చెప్పాడు. బాగా చెప్పాడు. తర్వాత కాక నన్ను చూశాడు. నేను కాగితం తేలేదు. నోటితోనే చెప్పాను. గవర్నర్, నాలుగు గేర్లు, పీటీవో. రెండుసార్లు ఆగాను కానీ పూర్తి చేశాను. పెట్టె నా దగ్గరే ఉందని కూడా చెప్పాను. అన్న ముఖం ఎర్రబడింది. ‘దొంగతనంగ తెచ్చినవా?’ అన్నాడు. దొంగతనంగా అమ్మింది ఎవరు అన్నాను. కాక దగ్గాడు.

అమ్మ అంతా విని, టర్బోనూ కాదు, మమ్మల్నీ కాదు, బండి వెనక భాగాన్ని చూస్తూ ఒకే మాట అడిగింది. ‘పొగ ఎటు పోతది?’

ఎవరికీ అర్థం కాలేదు. గంగాప్రసాద్ సైలెన్సర్ ఎప్పటిలాగే వెనక్కే అన్నాడు. నేనూ అదే అన్నాను. నా నాలుగు పేజీల్లో సైలెన్సర్ అన్న మాటే లేదు.

అప్పుడు అమ్మ చెప్పింది. ఇంత పొడుగు మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

‘డ్రమ్ము నోరు వెనకకుంటది. పోసేది నేను, తీసేది నేను. సైలెన్సర్ నా కాళ్ల కాడ్నే ఉంటది. ఇరవై ఏండ్లు గా పొగ నా ముక్కులకే వోయింది. మీ బాపు ముందటుంటుండె, ఆయనకేం ఎర్క. పెట్రోల్ పొగకే మాపటికి తల తిరుగుతుండె. ఒక్క ఏడు ఆయన డీజిల్ జీపు కిరాయికి తెచ్చి డ్రమ్ము దానికి వెట్టిండు, కర్సు తక్కువైతదని. గా ఏడు రాత్రి దగ్గితే నల్లగ పడేది. పసుపు మీద గూడ మసి. ఖరీదుదారు కొమ్ము ఇర్చి వాసన చూసి, డీజిల్ కొడ్తుందని పక్కకు వెట్టిండు. గప్పుడు మళ్ల ఈ బండికే మార్చిండు మీ బాపు. నా దగ్గుకు మార్చలే. పసుపుకు మార్చిండు.’

గంగాప్రసాద్ కూలింగ్ గ్లాసెస్ తీశాడు.

కాక సైలెన్సర్‌ను ట్రాక్టర్ లెక్క ముందటనే పైకి నిలవెడ్తే పొగ నెత్తి మీద్కెల్లి పోతదని చెప్పాడు. అన్న నీరసంగా ‘లుక్కు పోతదమ్మా’ అన్నాడు. అమ్మ ‘లుక్కు నువ్వు వెట్టుకో. ఊపిరి నాకుండనీ’ అంది.

తర్వాత గేర్ బాక్సు. ‘నాలుగుంటే నాకేంది, ఐదుంటే నాకేంది. డ్రమ్ము తిప్పే పెట్టె ఉండాలె. తారకు నేను పోయి మాటిస్త’ అంది. చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

జనవరి 12

అన్న నన్ను అడగలేదని రెండు నెలలుగా ఈ నోట్‌బుక్ నింపాను. నేను అమ్మను అడగలేదు. ఒక్కసారి కూడా. ఏ ఇంజిన్ కావాలమ్మా అని. ఆ డ్రమ్ము దగ్గర నిలబడింది ఆమె.

నేను ముందు సీట్లో కాలు నొక్కుతూ నవల చదువుకున్నాను. నేను నొక్కినప్పుడల్లా పొగ ఎటు వెళ్ళింది?

ఈ పేజీ చింపేద్దామనుకున్నాను. ఉంచుతున్నాను.

జనవరి 13

చాలా కోపంగా ఉంది. ఎవరి మీదో రాయను.

జనవరి 20

కొత్త కాగితం. బండి అమ్మ పేరుకు. అభ్యంతరం లేదని ఈసారి అన్న, నేను సంతకాలు. నేను కాగితం మొత్తం అమ్మకు చదివి వినిపించాను, ఒక్కో వాక్యం. అర్థం కానిచోట ఆపి అడిగింది. అన్న సంతకం పెడుతూ ఎంత నొక్కాడంటే కాగితం చిరిగింది. మళ్ళీ టైపు చేయించాల్సి వచ్చింది.

టర్బోను గంగాప్రసాద్ తీసుకెళ్ళాడు. వెళ్తూ నాతో ‘చెల్లె, నువ్వు నిజంగ బీటెక్ చేయాల్సింది’ అన్నాడు. మెచ్చుకోలు అనుకున్నాడు.

ఫిబ్రవరి 8, ఆదివారం

పాత డీజిల్ ఇంజిన్, నాలుగు గేర్ల బాక్సు, మా పెట్టె. స్టార్ట్ అయింది. రేకుల షెడ్డు మొత్తం అదిరింది. క్యాబిన్ పక్కన నిలబెట్టిన గొట్టం చాలా వికారంగా ఉంది. పొగ పైకి వెళ్ళింది. అమ్మ వెనకాల, తన చోట నిలబడి, చాలాసేపు ఊపిరి పీల్చి చూసింది. తల ఊపింది.

ఫిబ్రవరి 17

ఒక విషయం ఎవరమూ ఆలోచించలేదు. బండి ఎవరు నడుపుతారు?

ఇంట్లో అన్న ఒక్కడికే వచ్చు. ‘మార్చి అంత ముహూర్తాలున్నయ్. నాకు షూటింగులున్నయ్’ అన్నాడు. ఫోన్ చూస్తూ అన్నాడు. ఆ నెలలో రెండే రెండు షూటింగులున్నాయని గోడ మీద క్యాలెండర్ చెప్తోంది.

అమ్మ నా వైపు తిరిగింది. ‘నీకు నడపొస్తదా?’ అంది. రాదన్నాను. ‘మరి గంత పుస్తకం చదివినవ్?’ అంది.

అన్న ఫోన్ వెనకాల నవ్వాడు. చూశాను.

ఫిబ్రవరి 19

లెర్నింగ్ లైసెన్స్ పరీక్ష రాశాను. అన్నీ కరెక్ట్. పరీక్షలు నాకు ఎప్పుడూ సులువే.

ఫిబ్రవరి 21, ఉదయం 6:00

హన్మండ్లు కాక పక్క సీట్లో, ఖాళీ మైదానంలో. పదకొండుసార్లు ఆగిపోయింది. క్లచ్ ప్లేట్ ఎలా పనిచేస్తుందో నాకు తెలుసు, బొమ్మ గీయగలను. నా కాలికి తెలియదు. కాక ‘కాలుకు గంత తెల్వి అక్కర్లే, మెల్లగ ఇడువు’ అంటాడు.

ఫిబ్రవరి 24

గేటు గుద్దాను. గేటుకే దెబ్బ.

మార్చి 1

మైదానం చుట్టూ ఆగకుండా నాలుగు రౌండ్లు. గోడ దగ్గర అన్న బైకు ఆపి చూస్తున్నాడు. నేను చూశానని చూసి వెళ్ళిపోయాడు. నాతో మాట్లాడి నెలన్నర దాటింది.

మార్చి 5

తారక్క కబురు పంపింది. పసుపు ఎండింది. కొమ్ము విరిస్తే టప్పుమంటోందట. ఆదివారం రమ్మంది. ‘లోకేశ్ రాకుంటే వేరే డ్రైవర్‌ను చూడు’ అన్నాడు కాక అమ్మతో. ‘డ్రైవర్ ఉన్నది’ అంది అమ్మ.

మాన్యువల్ తీసి గేర్ల పేజీ మళ్ళీ చదివాను.

మార్చి 8, ఆదివారం

ఉదయం ఆరున్నరకు బయల్దేరాం. పక్కన కాక, వెనక డ్రమ్ము దగ్గర అమ్మ. నాలుగు గేర్లలో రెండే వేశాను. మూడోది వేసే ధైర్యం చాలలేదు. అంకాపూర్ దాటేదాకా రెండో గేరే. వెనకాల లారీలు, బస్సులు, పెళ్ళి కార్లు. వాటి వెనక బైకు మీద అన్న. హారన్ కొట్టాడు. పక్కకు వచ్చి, మూడోది వెయ్యి, మూడోది వెయ్యమని చేయి ఊపాడు.

వెయ్యలేదు. రెండో గేరులోనే తారక్క కల్లంలోకి తిప్పాను.